పదికి నాలుగు

పదికి పది మార్కులు వేసిన మనిషి మాయమైపోయాడు.

సోమవారం ఉదయం పదకొండు గంటలు అతని టైము. పదకొండుంబావు అయింది, రాలేదు. పదకొండున్నర అయింది, రాలేదు. రెండో నంబరు గదిలో రెండు కుర్చీలు, మధ్య ఒక పొట్టి బల్ల, బల్ల మీద అగ్గిపెట్టెంత రికార్డరు, పక్కన టిష్యూ డబ్బా. ఒక కుర్చీలో ట్రైనీ థెరపిస్టు కూర్చుని తలుపు వంక చూస్తోంది. రెండో కుర్చీ ఖాళీ.

ఆ ట్రైనీని ఇంట్లోనూ క్లినిక్కులోనూ అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్ళు. మనిషి సన్నం, మాట గలగల. పుట్టగానే ఏడవడం మానేసి ఏదో చెప్పబోయిందని వాళ్ళ నానమ్మ అంటుంది.

పన్నెండు కాగానే పిచ్చుక రిసెప్షన్ దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, డ్రైవరుగారు ఫోనేమైనా చేశారా?"

"చేశారు. పొద్దున తొమ్మిదింటికి. ఇక రాలేనన్నారు. ఆ అమ్మాయి చాలా మంచిది, నా మాటగా చెప్పండి అన్నారు."

"తొమ్మిదింటికి చేస్తే ఇప్పుడా చెప్పేది?"

"మూడుసార్లు వచ్చాను నీ దగ్గరికి. మూడుసార్లూ నువ్వు మాట్లాడుతున్నావు. సందు దొరకలేదు తల్లీ."

పిచ్చుక అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

అతను ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న డ్రైవరు. ఏడు నెలల క్రితం నది మీద వంతెన దాటుతుండగా ముందు టైరు పేలింది. బస్సు రెయిలింగును గుద్ది, ఓరగా ఒరిగి ఆగింది. లోపల ముప్ఫై నాలుగు మంది ప్రయాణికులు. ఒక్కరికీ గీత పడలేదు. డిపోలో సభ పెట్టి చప్పట్లు కొట్టారు. అతని ఫొటో తీసి గోడకి తగిలించారు. ఆ తర్వాతి వారం బస్సు మళ్ళీ వంతెన దగ్గరికి వచ్చేసరికి అతని రెండు చేతులూ స్టీరింగుకి అతుక్కుపోయాయి. వెనక బస్సులు బారులు తీరాయి. చివరికి ఇద్దరు మనుషులు వచ్చి వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

అప్పటి నుంచి గ్యారేజీలో టైర్లు కడుగుతున్నాడు. వచ్చే వారం కాక ఆపై బుధవారం అతనికి ఆఖరి పరీక్ష. పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చుంటే ఖాళీ బస్సుని వంతెన దాటించి, మళ్ళీ వెనక్కి తేవాలి. తేలేకపోతే ఇక జన్మలో స్టీరింగు లేదు, గ్యారేజీ పైపే.

అంటే పదహారు రోజులు. మధ్యలో రెండే సోమవారాలు.

*

పిచ్చుక ఆరు కాగితాలు తెచ్చి మేడమ్ బల్ల మీద పేకముక్కల్లా పరిచింది.

మేడమ్ అంటే ట్రైనీల పని చూసే సూపర్‌వైజరు. యాభై ఎనిమిదేళ్ళు. మెడలో ఎప్పుడూ ఒక స్టాప్‌వాచీ వేలాడుతూ ఉంటుంది, పరుగు పందాల కోచ్‌లాగా.

"చూడండి మేడమ్. ఆరు వారాలు, ఆరు ఫారాలు. 'ఈ రోజు మీకెంత ఉపయోగపడింది?' అన్నచోట పది, పది, పది, పది, పది, పది! మన బ్యాచీలో ఇన్ని పదులు ఎవరికైనా వచ్చాయా? మరెందుకు మానేశారు?"

"హోటల్లో భోజనం చేసి, 'అద్భుతంగా ఉందండీ' అని చెప్పి, మళ్ళీ ఆ వీధి మొహం చూడని వాళ్ళని ఎరుగుదువా?"

"ఎరుగుదును."

"వాళ్ళకి అన్నం ఉడకలేదని అర్థం."

పిచ్చుక నోరు తెరిచింది. మేడమ్ చెయ్యెత్తింది.

"ఇంకో సంగతి. ప్రతి శుక్రవారం మీరంతా నా దగ్గరికి ఏం తేవాలి?"

"ఆ వారం రికార్డింగుల్లో మా చెత్త పది నిమిషాలు."

అది ఆ క్లినిక్కు ఆనవాయితీ. బాగా కుదిరిన ముక్క ఎవరూ తేకూడదు. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ చేతులెత్తేశారో, ఆ పది నిమిషాలే తెచ్చి అందరి ముందూ వినిపించాలి. ఒకరి చెత్త విని మిగతావాళ్ళు నేర్చుకుంటారు, నవ్వుకుంటారు, పోతారు.

"నువ్వు మూడు నెలల్లో పన్నెండు చెత్త ముక్కలు తెచ్చావు. ఒక్కదాంట్లోనూ నాకు చెత్త కనపడలేదమ్మాయ్. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆరబెట్టి తెచ్చావు."

పిచ్చుక మొహం కందగడ్డలా అయింది. నిజమే. ప్రతి వారమూ తన పనిలో మెరిసిన పది నిమిషాలు ఏరి, 'ఇదే నా చెత్త మేడమ్' అని వినయంగా తలదించుకుని ఇచ్చేది. చెత్తే ఇలా ఉంటే మంచిది ఇంకెలా ఉంటుందో అని మేడమ్ ఆశ్చర్యపోవాలని ఆశ.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు మేడమ్?"

"నీ అంతట నువ్వు చెప్తావని చూశాను. తప్పు నాదే. ఎక్కువ చూశాను." మేడమ్ ఫైలు తెరిచింది. "రూలు తెలుసుగా? మానేసిన మనిషికి ఒకే ఒక ఫోను. ఆ వారం లోపలే. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఫైలు మూసేస్తాం. ఇంటికెళ్ళడం, దారి కాయడం లాంటివి పెట్టుకున్నావంటే నీ ఫైలు కూడా మూస్తాను."

"అయితే ఇప్పుడే చేసేస్తాను!"

"చేసి ఏం చెప్తావు?"

పిచ్చుక దగ్గర జవాబు లేదు. ఆమె జీవితంలో అది అరుదైన సంఘటన.

మేడమ్ మెడలోంచి స్టాప్‌వాచీ తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఆయన ఎందుకు వెళ్ళిపోయాడో ఆ టేపుల్లోనే ఉంటుంది. ఆయన మాట ఆగిన ప్రతిసారీ, నువ్వు ఎన్ని సెకన్లకి మొదలుపెట్టావో కొలువు. రాసుకో. అంతే. ఇంకేం ఆలోచించకు."

*

టేపులు బయటికి తీసుకెళ్ళడానికి వీల్లేదు. క్లినిక్కు వెనక వైపు, కిటికీ లేని చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. పిచ్చుక మధ్యాహ్నం ఒంటిగంటకి కూర్చుంది.

మొదటి టేపు. డ్రైవరు మాట ఆగింది. క్లిక్. పిచ్చుక గొంతు మొదలైంది. క్లిక్. ఒకటిన్నర సెకను.

మళ్ళీ. రెండు సెకన్లు. మళ్ళీ. ఒకటి.

మూడో టేపుకి వచ్చేసరికి ఆమెకి చెమటలు పట్టాయి. యాభై నిమిషాల్లో ముప్ఫై ఆరు నిమిషాలు తన గొంతే. భయం మెదడులో ఎలా పుడుతుందో వివరిస్తోంది, ఊపిరి ఎలా పీల్చాలో నేర్పుతోంది, ధైర్యం చెబుతోంది. అన్నీ మంచి మాటలే. టీవీ యాంకరు కూడా అంత చక్కగా మాట్లాడలేదు. మధ్యమధ్య డ్రైవరు "ఆఁ", "అవునమ్మా", "మీరు చెప్పాక కాదంటానా" అంటున్నాడు.

ఆరో టేపు, పదిహేడో నిమిషం. అక్కడ పిచ్చుక చెయ్యి ఆగిపోయింది.

డ్రైవరు అంటున్నాడు: "అందరూ నన్ను హీరో అంటారమ్మా. గోడ మీద ఫొటో కూడా ఉంది. కానీ నిజానికి…"

ఆగాడు. ఒక్క సెకను.

"నిజానికి మీరు ముప్ఫై నాలుగు ప్రాణాలు కాపాడారండీ! ఆ సంగతి మీరు మర్చిపోకూడదు!" తన గొంతు, ఉత్సాహంగా.

దాని కింద ఇంకో గొంతు ఉంది. రెండూ ఒకేసారి. తన గొంతు పై అంతస్తులో డాన్సు చేస్తుంటే, కింద అంతస్తులో ఎవరో నెమ్మదిగా ఏదో చెప్పి, చాలించుకున్నారు.

వెనక్కి తిప్పి విన్నది. సౌండు పెంచి విన్నది. కళ్ళు మూసుకుని విన్నది. పద్నాలుగోసారికి ఆ కింది గొంతు విడిగా తేలింది.

"నిజానికి, అందరికంటే ముందు దిగి పారిపోయింది నేనే."

పిచ్చుక హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఏడు నెలలుగా ఒక మనిషి ఆ ఒక్క వాక్యం మోసుకుని తిరుగుతున్నాడు. చివరికి దాన్ని దించుకోవడానికి ఒక చోటు దొరికిందనుకుని ఇక్కడికి వచ్చాడు. దించబోతుంటే, ఆమె చప్పట్లు కొట్టింది. డిపోలో వాళ్ళు కొట్టినట్టే.

ఆ రోజు ఫారంలో కూడా అతను పది వేశాడు.

*

"దొరికింది," అంది పిచ్చుక, మేడమ్ గదిలోకి వస్తూనే. జరిగింది చెప్పింది. ఈసారి తడిగుడ్డ పెట్టకుండా చెప్పింది. చెప్పి ఏడ్చింది కూడా.

"బాగుంది," అంది మేడమ్.

"ఏం బాగుంది మేడమ్! నేను ఈ పనికి పనికిరాను."

"మూడు నెలల్లో మొదటిసారి నాకు అసలు చెత్త తెచ్చావు. పండగ చేసుకోవద్దూ?" మేడమ్ సొరుగు లాగి తన రికార్డరు తీసింది. "నా చెత్త వింటావా? శిక్షణకి వాడుకోవచ్చని వాళ్ళు సంతకం పెట్టిందే."

టేపులో మేడమ్ గొంతు, గంభీరంగా: "మీ అమ్మగారు అలా అన్నప్పుడు మీకెలా అనిపించింది?" ఇంకో ఆడగొంతు, విసుగ్గా: "అమ్మ కాదండీ, అత్తగారు. ఇది మూడోసారి చెప్పడం."

పిచ్చుక ఏడుపు మధ్యలోంచి ఫక్కున నవ్వు వచ్చేసింది.

"ఇది ఎప్పటిది మేడమ్? మీరు ట్రైనీగా ఉన్నప్పటిదా?"

"మొన్న గురువారం. ఈ పనిలో నాకిది ముప్ఫై ఒకటో ఏడు. నెలకోసారి నా చెత్త నా స్నేహితురాలికి వినిపిస్తాను. ఆవిడ నీలాగే నవ్వుతుంది. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ ముక్క మళ్ళీ చేస్తాం." మేడమ్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "లే. మొహం కడుక్కో. ఇప్పుడు నేను డ్రైవర్ని. నువ్వు నువ్వే."

పిచ్చుక మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది.

"అందరూ నన్ను హీరో అంటారమ్మా. కానీ నిజానికి…" మేడమ్ ఆగింది.

"అలా ఎందుకు అనిపి…"

క్లిక్. "రెండు సెకన్లు. మళ్ళీ."

"కానీ నిజానికి…"

"పర్వాలేదు, చెప్పం…"

"మూడు. మళ్ళీ."

ఇరవైసార్లు చేశారు. నాలుగు సెకన్లు దాటేసరికి పిచ్చుక గొంతులో దురద మొదలయ్యేది, తుమ్ము ఆపుకున్నట్టు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

"బూట్లలో కాలివేళ్ళు ఉన్నాయిగా?" అంది మేడమ్. "సెకనుకొకటి చొప్పున నేలకి నొక్కు. ఎవరికీ కనపడదు. పది వేళ్ళూ అయ్యేదాకా నోరు తెరవకు. మొహం మాత్రం మామూలుగా ఉంచు. ఇప్పుడు దొంగని పట్టుకున్న పోలీసులా చూస్తున్నావు."

"ఇంట్లో కూడా సాధన చేయొచ్చా మేడమ్?"

"డ్రైవరు ఊసు ఎత్తకుండా చెయ్యి. వినడం ఎక్కడైనా వినడమే."

*

ఇంట్లో సాధన అనేది పిచ్చుక అనుకున్నంత తేలిక కాదు. వాళ్ళ నాన్న రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పే ఉద్యోగి. బాబాయి కూరగాయల మార్కెట్‌లో వేలం పాడతాడు. అమ్మ ఒకటో తరగతి టీచరు. ఆ ఇంట్లో మొదలుపెట్టిన వాక్యాన్ని ఎవరూ పూర్తి చేసిన దాఖలా లేదు.

"అమ్మా, నువ్వేదైనా చెప్పు, నేను వింటాను," అంది పిచ్చుక మంగళవారం సాయంత్రం.

"ఏం చెప్పనే? స్కూల్లో ఇవాళ ఒక పిల్లాడు…"

"సబ్బు తెచ్చావా వదినా?" బాబాయి.

"తెచ్చాను, నీ మొహానికే తెచ్చాను. ఆ పిల్లాడేమో…"

"దయచేసి గమనించండి, కాఫీ మరికొద్ది నిమిషాలు ఆలస్యంగా రానున్నది," నాన్న, వంటింటి గుమ్మంలోంచి.

పిచ్చుక లాభం లేదనుకుని నానమ్మ దగ్గరికి వెళ్ళింది. నానమ్మకి ఎనభై ఒకటి. హాల్లో కిటికీ పక్కన పెద్ద చేతుల కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఇంట్లోకెల్లా మంచి కుర్చీ, మంచి చోటు అదే. పెద్దావిడకి ఇవ్వాల్సిన గౌరవం.

"నానమ్మా, నువ్వొక పేషెంటువి అనుకో. నేను థెరపిస్టుని."

"నాకేం రోగమే?"

"ఊరికే అనుకో."

"సరే. నేను ఓడ కెప్టెన్ని," అంది నానమ్మ వెంటనే. "నా ఓడ మునిగింది. ఏం చేద్దామంటావు?"

"నానమ్మా! మామూలుగా ఏదైనా చెప్పు. ఈ ఇంట్లో ఎలా ఉంది నీకు?"

"నాకేమే, మహారాణిని. పదికి పది. అందరూ బాగా చూస్తారు." నానమ్మ నవ్వింది. "అంతా బాగుంది. కాకపోతే…"

'కాకపోతే ఏంటి, చెప్పు చెప్పు' అని నాలుక చివరిదాకా వచ్చింది. పిచ్చుక బొటనవేలు నేలకి నొక్కింది. ఒకటి. నానమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. మూడు. నాలుగు. గోడ గడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందని పిచ్చుకకి ఇన్నేళ్ళలో తెలియలేదు. ఆరు. ఏడు. నానమ్మ కొంగు సర్దుకుంది. ఎనిమిది.

"ఈ కుర్చీ నాకిష్టం లేదే."

పిచ్చుక గుడ్లు తేలేసింది. అయినా తొమ్మిదో వేలు నొక్కింది.

"పదేళ్ళయింది దీంట్లో కూర్చోబట్టి. మధ్యాహ్నం ఎండంతా కళ్ళల్లోనే. పైగా హాలుకి ఈ మూల, మీరంతా ఆ మూల. మీ ముచ్చట్లు సగం వినపడవు. ఆ స్టూలుంది చూడు, వంటింటి గుమ్మం పక్కన, దాని మీద కూర్చోవాలని ఉంటుంది నాకు. చెబుదామని ఎన్నిసార్లు మొదలుపెట్టానో! 'ఈ కుర్చీ' అనేసరికే 'హాయిగా ఉందా అమ్మా' అంటాడు మీ నాన్న. అంత ప్రేమగా అడిగితే లేదని ఎలా చెప్పను?"

ఆ సాయంత్రం నానమ్మ గుమ్మం పక్క స్టూలు మీదికి మారింది. అక్కడ కూర్చుని, అమ్మ చెబుతున్న స్కూలు పిల్లాడి కథలో మొట్టమొదటి మాటకే అడ్డం తగిలింది. ఇంటి మనిషే అని రుజువైంది.

*

శుక్రవారం, నాలుగూ నలభై. డ్రైవరు డ్యూటీ నాలుగున్నరకి దిగుతాడు. అంతకుముందు చేస్తే గ్యారేజీ గోలలో వినపడదు. అయిదింటికి ఫైలు మూస్తారు. ఉన్నది ఇరవై నిమిషాలు.

ఏం చెప్పాలో కాగితం మీద నాలుగు ముక్కలు. నాలుగు రోజుల్లో మేడమ్ ముందు యాభైసార్లు చెప్పి, కొట్టేసి, మళ్ళీ రాసి మిగిల్చుకున్న నాలుగు ముక్కలు.

రింగు. రింగు. ఎత్తలేదు.

"మేడమ్, ఒకటే ఫోనన్నారు! అయిపోయిందా?"

"ఎత్తితేనే ఫోను. మళ్ళీ కొట్టు."

నాలుగూ నలభై ఆరు. ఎంగేజి. నాలుగూ నలభై తొమ్మిది. ఎంగేజి. రిసెప్షన్ అక్క కూడా వచ్చి తలుపు పక్కన నిలబడింది. నాలుగూ యాభై ఆరు.

"హలో?" వెనక పైపులోంచి నీళ్ళ చప్పుడు. ఇంకా గ్యారేజీలోనే ఉన్నాడు.

"నేనండీ, క్లినిక్కు నుంచి."

"అయ్యో, మీరా అమ్మా! మీ మీద నాకేం కోపం లేదమ్మా. మీరు చాలా బాగా చెప్తారు. నా బుర్రకే ఎక్కలేదు…"

'అలా అనకండి' అనబోయి, పిచ్చుక నాలుక కరుచుకుంది. అతను పూర్తిగా ఆగేదాకా ఆగింది.

"ఆరో వారం టేపు మళ్ళీ విన్నానండీ. మీరొక మాట చెప్పబోయారు. దాని మీద నేను మాట్లాడేశాను. తప్పు నాదే. మీకు చెప్పాలనిపిస్తే, సోమవారం పదకొండింటికి వినడానికి ఉంటాను."

అంతే. నాలుగు ముక్కలూ అయిపోయాయి. ఇక మిగిలినవి కాలివేళ్ళు.

అయిదు వేళ్ళు. పది వేళ్ళు. రిసెప్షన్ అక్క ఏదో అనబోతే మేడమ్ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో వరస మొదలైంది. పన్నెండు. పదిహేను. పందొమ్మిదో సెకనుకి అవతల నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఏ మాటమ్మా?" గొంతు బాగా తగ్గింది.

"దిగడం గురించండీ."

గోడ గడియారంలో నాలుగూ యాభై ఎనిమిది.

"వస్తాను," అన్నాడు డ్రైవరు. ఫోను పెట్టేశాడు.

పిచ్చుక ఎగిరి గంతేసి, మోకాలు బల్లకి కొట్టుకుని, కుంటుతూ మళ్ళీ గంతేసింది. మేడమ్ ఫైలు తీసి, మూయకుండా బల్ల మీద తెరిచి పెట్టింది.

*

సోమవారం. రెండో నంబరు గది. పదకొండు గంటలకి రెండో కుర్చీ నిండింది.

డ్రైవరు చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. ఈసారి పిచ్చుక వేళ్ళు లెక్కపెట్టడం మధ్యలోనే మర్చిపోయింది. అతని మొహమే చూస్తూ ఉంది.

"బస్సు ఆగింది," అన్నాడు. "నా పక్క తలుపు తెరుచుకుంది. దూకేశాను. వెనక ముప్ఫై నాలుగు మంది అరుస్తున్నారు. నేను పరుగెత్తాను. వినపడిందా అమ్మా? పరుగెత్తాను. నా పెళ్ళాంతో కూడా చెప్పలేదు ఈ మాట. గోడ మీద నా ఫొటో కింద 'ధైర్యవంతుడు' అని రాశారు. రోజూ దాని కిందనుంచే గ్యారేజీలోకి వెళ్తాను."

'కానీ ఒక్కరికీ దెబ్బ తగల్లేదుగా' అన్న మాట పిచ్చుక గొంతులో బంతిలా ఎగిరింది. మింగేసింది. ఎంతసేపు గడిచిందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

"ఇరవై అడుగులు," అన్నాడు డ్రైవరు. "స్తంభం దాకా వెళ్ళాను. అక్కడ ఆగాను." కనుబొమలు ముడిచాడు, ఏదో పాత వస్తువు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నట్టు. "ఆగి… వెనక్కి తిరిగాను. మళ్ళీ ఆ ఇరవై అడుగులూ నడిచాను. వెనక తలుపు గాల్లో ఉంది. ముందు తలుపు నేనే లాగాను. ఒక్కొక్కళ్ళని దించాను." తలెత్తాడు. "అమ్మా, నేను తిరిగొచ్చాను కదూ? పారిపోయింది అబద్ధం కాదు. తిరిగొచ్చింది కూడా అబద్ధం కాదు."

"రెండూ విన్నానండీ," అంది పిచ్చుక. ఆ రోజు అప్పటిదాకా ఆమె అన్న అతి పెద్ద వాక్యాల్లో అదొకటి.

చివర్లో ఫారం ఇచ్చింది. డ్రైవరు అలవాటుగా పెన్ను తీసి 'ఒకటి' వేసి పక్కన సున్నా చుట్టబోయాడు.

"ఒక్క నిమిషం. పోయిన ఆరుసార్లూ పది ఎందుకు వేశారండీ?"

అతను సిగ్గుపడ్డాడు. "మా బస్సుల్లో కూడా ప్రయాణికుల చేత మార్కులు వేయిస్తారమ్మా. అయిదుకి తగ్గితే మెమో. మూడు మెమోలకి మంచి రూటు పోతుంది. మీరేమో ఇంకా నేర్చుకుంటున్నారాయె. పనిచేసుకునే పిల్లకి నా మూలంగా మెమో ఎందుకని…"

పిచ్చుకకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆరు వారాలు ఇతన్ని తను కాపాడుతున్నానని అనుకుంది. ఇతనేమో కూర్చుని తనని కాపాడుతున్నాడు!

"మాకు మెమోలు లేవండీ. మీరు తక్కువ వేస్తేనే నాకు దారి తెలుస్తుంది. ఆ ఆరు వారాలకీ కలిపి నిజంగా ఎంత వేస్తారు?"

డ్రైవరు పెన్ను గాల్లో తిప్పాడు. గడప దగ్గర చెప్పులు వెతుక్కునేవాడిలా అటూ ఇటూ చూశాడు. చివరికి రాశాడు.

నాలుగు.

"కోపం వచ్చిందా అమ్మా?"

పిచ్చుక ఆ కాగితం పట్టుకుని మేడమ్ గదిదాకా పరుగెత్తింది. "మేడమ్! నాలుగు! నాకు నాలుగు వచ్చింది!"

వరండాలో కూర్చున్న తోటి ట్రైనీ, బ్యాచీలో ఫస్ట్ ర్యాంకువాడు, జాలిగా చూశాడు. "పాపం," అన్నాడు.

*

రెండో సోమవారం డ్రైవరు నవ్వుతూ వచ్చాడు. వారం మధ్యలో, ఆ రోజు బస్సులో ఉన్న తన కండక్టరుకి ఆ సంగతి చెప్పేశాడట.

"ఏమన్నాడో తెలుసా అమ్మా? 'అందరం చూశాం గురూ. నీ వయసులో అంత స్పీడు ఉందని అప్పుడే తెలిసింది. తిరిగొచ్చి తలుపు లాగకపోతే మేమంతా ఇంకా అందులోనే ఉండేవాళ్ళం' అన్నాడు. ఏడు నెలలు! నేను దాచిన దొంగసరుకు డిపో అంతటికీ తెలుసు!"

ఆ రోజు ఇద్దరూ కళ్ళు మూసుకుని ఊహించుకుంటూ కాక, కాగితం మీద గీసుకుని వంతెన దాటారు. మలుపు ఎక్కడ, స్తంభం ఎక్కడ, చేతులు ఎక్కడ బిగుసుకుంటాయి, బిగుసుకుంటే ఏం చేయాలి. ఊపిరి సంగతి ఈసారి అతనే అడిగి నేర్చుకున్నాడు. ఫారంలో ఏడు.

బుధవారం పరీక్ష పదింటికి. పిచ్చుక వెళ్ళడానికి వీల్లేదు. పదింటి నుంచి రిసెప్షన్ బల్ల దగ్గరే నిలబడింది. పదకొండు. పదకొండుంబావు. వంతెన దాటి రావడానికి ఇరవై నిమిషాలు చాలు.

"అయిపోయింది," అంది పిచ్చుక. "చేతులు అతుక్కుపోయుంటాయి."

"నీ చెయ్యి తియ్యి ముందు. ఫోను మీద పెట్టావు," అంది రిసెప్షన్ అక్క.

తీయగానే మోగింది. అక్క ఎత్తింది. వింది. ఊఁ అంది. మళ్ళీ ఊఁ అంది. పిచ్చుక కాలివేళ్ళు రెండు వరసలు అయిపోయాయి.

"ఎందుకు లేటయిందో తెలుసా?" అంది అక్క ఫోను పెట్టి. "ఇన్‌స్పెక్టరు పాసన్నాడట. ఈయనేమో, 'సార్, ఇంకొక్క రౌండు వేసుకోనా' అని అడిగి, మళ్ళీ వంతెన దాటి వచ్చాడట. స్తంభం దగ్గర హారన్ కూడా కొట్టాడట."

*

శుక్రవారం ట్రైనింగు ముగింపు పరీక్ష. ఈసారి పిచ్చుక వంతు. బయటి నుంచి వచ్చిన ముగ్గురు పరీక్షకుల ముందు ప్రతి ట్రైనీ తనకు నచ్చిన పది నిమిషాల టేపు వినిపించాలి. ఫస్ట్ ర్యాంకువాడు మెరిసే ముక్క తెచ్చాడు. పిచ్చుక, డ్రైవరు ఒప్పుకుని సంతకం పెట్టాక, ఆరో వారం పదిహేడో నిమిషం తెచ్చింది. విన్నాక, తను ఏం చేసిందో, ఏం చేయకుండా ఉండాల్సిందో, తర్వాత ఏం చేసిందో చెప్పింది. ఎనిమిది నిమిషాల్లో ముగించింది. వెనక వరసలో మేడమ్ స్టాప్‌వాచీ చూసుకుని, చెడిపోయిందేమోనని ఒకసారి విదిలించింది.

"ఇంతకంటే మంచి టేపు లేదా అమ్మా నీ దగ్గర?" అడిగాడు ఒక పరీక్షకుడు.

"పన్నెండు ఉన్నాయండీ. మూడు నెలలు వాటినే చెత్త అని చెప్పి మేడమ్‌కి ఇచ్చాను."

ముగ్గురూ నవ్వారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు.

ఆపై సోమవారం డ్రైవరు ఆఖరిసారి వచ్చాడు. యూనిఫాంలో వచ్చాడు. పన్నెండున్నరకి డ్యూటీ, పాత రూటే. గోడ మీద తన ఫొటో కింద రాసిన మాట చెరిపించి, బస్సు నంబరు మాత్రం రాయించుకున్నానని చెప్పాడు. చివర్లో ఫారం అడిగి తీసుకుని, ఆలోచించకుండా ఎనిమిది వేశాడు.

"ఆ రెండు ఎక్కడ పోయాయండీ?" అంది పిచ్చుక.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. టోపీ తిప్పాడు. చెప్పనా వద్దా అన్నట్టు ఆమె వంక చూశాడు. పిచ్చుక నవ్వుతూ కూర్చుంది, ఎంతసేపైనా కూర్చునేలా.

"ఈ కుర్చీ అమ్మా," అన్నాడు చివరికి. "ఇరవై రెండేళ్ళు సీట్లో కూర్చున్నవాణ్ణి. చెప్పకుండా ఉండలేను. వెనక కాలు ఒకటి పొట్టి. మొదటి రోజు నుంచీ నడుం చంపేస్తోంది."

పిచ్చుక లేచి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చూసింది. టకామని పక్కకి ఒరిగింది.

ఆమె ఎప్పుడూ దానికి ఎదుటి కుర్చీలోనే కూర్చుంది మరి.